డిసెంబరులో రాజమండ్రి నుంచి లంబసింగికి రాత్రి బండి మీద ఇద్దరం: వెనక కూర్చునేవాడి చలి సంగతి

ధవళేశ్వరం_గట్టు
అందరికీ నమస్కారం. డిసెంబరు చివరి వారంలో ఇద్దరం స్నేహితులం ఒకే బండి మీద లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. 150 సీసీ బండి. రాత్రి పదకొండుకి రాజమండ్రిలో బయల్దేరి అన్నవరం, తుని, నర్సీపట్నం మీదుగా తెల్లారేలోపు లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ చేరాలని ప్లాను. వెనక కూర్చునేవాడు బాగా సన్నం, చలికి అస్సలు ఆగలేడు. బట్టలు ఏం వేసుకోవాలి, బండికి ఏం చూసుకోవాలి, వాడిని ఎలా కాపాడుకోవాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ఏజెన్సీ_పొద్దు
బట్టల కంటే ముందు టైము మార్చండి. పదకొండుకి బయల్దేరితే నాలుగింటికల్లా పైన ఉంటారు. డిసెంబరు చివర్లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. అంటే చెమ్మగిల్లిన బట్టలతో, ఖాళీ కడుపుతో, రెండున్నర గంటలు కొండ మీద ఊరికే కూర్చోవాలి. అక్కడికి వచ్చినవాళ్ళు బిగుసుకుపోయేది ఎక్కువగా ఈ ఎదురుచూపులోనే. రాత్రంతా నేల వేడి పోగొట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి చలి ముదిరేది అర్ధరాత్రి కాదు, సరిగ్గా పొద్దు పొడిచే వేళకి.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. దానికి తోడు మబ్బు లేని రాత్రయితే ఇంకా దిగుతుంది. కింద రాజమండ్రిలో పద్దెనిమిది ఉందని స్వెట్టరు ఒక్కటి వేసుకుని వస్తే పైన ఐదారు డిగ్రీలు ఎదురవచ్చు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని అక్కడివాళ్ళు చెప్పే అర్థం.

కాబట్టి సాయంత్రం ఏడెనిమిదికి బయల్దేరండి. పన్నెండులోపు నర్సీపట్నం చేరి, లాడ్జిలో నాలుగు గంటలు పడుకోండి. నాలుగున్నరకి లేచి కదలండి. నర్సీపట్నం నుంచి పైకి సుమారు 30 కి.మీ. డౌనూరు దాటాక ఘాట్. పొగమంచు ఉంటే గంటంబావు వేసుకోండి. ఆరుకి పైన ఉంటారు, అరగంటలో వెలుగు వస్తుంది. లాడ్జి వద్దనుకుంటే నర్సీపట్నం బస్టాండులో దీపాల కింద కూర్చోండి తప్ప చీకట్లో పైకి ఎక్కి కూర్చోకండి.

ఇంకొక మాట. మ్యాపులో రంపచోడవరం, కొయ్యూరు మీదుగా 516ఈ జాతీయ రహదారి కనిపిస్తుంది. పగలు అందమైన దారే. రాత్రి మాత్రం వద్దు. అడవి, ఊర్లు దూరం దూరం. చలికి ఆగాలంటే ఆగడానికి చోటుండదు.

రెంచి_పదమూడు
పొద్దు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను గాలి లెక్క చెప్తాను, ఎందుకంటే బండి మీద చలి అంటే గాలే.

వాతావరణశాఖలు వాడే విండ్‌చిల్ (గాలి వల్ల ఒంటికి తెలిసే చలి) సూత్రం ప్రకారం గాలి 10 డిగ్రీలుండి మీరు 60లో పోతుంటే ఒంటికి తగిలేది 5 డిగ్రీల చలి. 8 డిగ్రీల్లో 50లో పోతే 3. 5 డిగ్రీల్లో 40లో పోతే సున్నాకి కాస్త కింద. వేగం తగ్గిస్తే చలి తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది, కానీ కొంచెమే. గాలిని ఆపితేనే అసలు ఉపశమనం. ఎంత మందం స్వెట్టరైనా అల్లిక సందుల్లోంచి గాలి దూరితే లోపలి వెచ్చటి గాలంతా పోతుంది. పైన గాలి చొరని పొర ఒకటి తప్పనిసరి. వానకోటు చాలు.

బండి సంగతి:

టైర్లు: ఇద్దరికీ, సామానుకీ కలిపి వెనక టైరు గాలి ఎంతుండాలో చెయిన్ పక్కన స్టిక్కరు మీదో మాన్యువల్లోనో ఉంటుంది, అదే పట్టించండి. ఒక్కరికి చెప్పిన లెక్క కాదు. మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండలో పట్టించిన గాలి, పైన 8 డిగ్రీల్లో బండి ఆగి చల్లారాక సుమారు 3 పి.ఎస్.ఐ. తగ్గి కనిపిస్తుంది. పంక్చరు అని కంగారు పడకండి. అలాగని తగ్గిన గాలితోనే ఘాట్ దిగకండి. జేబులో గేజి పెట్టుకోండి, చిన్న పంపు ఉంటే మరీ మంచిది.

షాకులు, హెడ్‌లైటు: వెనక మనిషి కూర్చోగానే బండి వెనక్కి కుంగి లైటు ఆకాశంలోకి లేస్తుంది. వెనక షాకులు ఒకటి రెండు గాట్లు బిగించండి. తర్వాత ఇద్దరూ కూర్చుని, గోడకి పది అడుగుల దూరంలో నిలబెట్టి, డిమ్ములో వెలుగు పైఅంచు లైటు ఎత్తు కంటే కాస్త కిందికి పడేలా దించండి. ఇది చెయ్యకుండా పొగమంచులోకి వెళ్తే ముందు తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు.

బ్యాటరీ: మూడేళ్ళు దాటిన బ్యాటరీ చలిలో మొరాయిస్తుంది. ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండయితే తాళం తిప్పి, బండి లోపలి పెట్రోలు పంపు గుయ్యిమనే చప్పుడు ఆగాక బటను నొక్కండి. ఒకసారికి ఐదు సెకన్లు మించొద్దు, మధ్యలో పదిహేను సెకన్లు వదలండి. కార్బురేటరు బండయితే చోక్ లాగండి, కదిలిన రెండు నిమిషాల్లో మూసెయ్యండి. కిక్కరు ఉంటే ఒకసారి పని చేస్తుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

పెట్రోలు నర్సీపట్నంలో నిండా కొట్టించండి.

తునిబండి
బట్టలు ఒంటి నుంచి బయటికి ఈ వరసలో:

ఒంటికి తగిలేది కాటన్ బనియను కాకూడదు. కాటన్ చెమట తాగి అట్టిపెట్టుకుంటుంది. బండి ఆగగానే అదే తడిగుడ్డయి ఒంటిని చల్లారుస్తుంది. ఆటలకి వేసుకునే పాలియెస్టరు టీషర్టు, లేదా థర్మల్ ఇన్నరు వేసుకోండి. దానిమీద ఉన్ని స్వెట్టరో ఫ్లీసో. అది కాస్త వదులుగా ఉండాలి, ఎందుకంటే వెచ్చదనం ఆ మధ్య గాలిలోనే ఉంటుంది. దానిమీద జాకెట్టు. అన్నిటికంటే పైన వానకోటు, చేతుల దగ్గర, మెడ దగ్గర బిగించి.

కింద జీన్సు ఒక్కటే వేసుకుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. లోపల థర్మల్ ప్యాంటు, పైన వానకోటు ప్యాంటు.

కాళ్ళకి జాలీ ఉన్న స్పోర్ట్సు షూ వద్దు, గాలి నేరుగా వేళ్ళకి తగులుతుంది. అవే ఉంటే సాక్సుకీ షూకీ మధ్య పాలిథిన్ కవరు తొడగండి. లోపల చెమట పడుతుంది కాబట్టి రెండు గంటలకోసారి విప్పి తుడవండి. రెండు జతల సాక్సులు కుక్కడం తప్పు. బిగుతుకి రక్తం ఆడక వేళ్ళు ముందే మొద్దుబారతాయి. ఒక్క జత ఉన్నివి చాలు. ఇంకో పొడి జత జిప్ కవర్లో పెట్టుకోండి, పైకి చేరగానే మార్చుకోవడానికి.

వెనక కూర్చునేవాళ్ళు రగ్గు కప్పుకుని కూర్చుంటారు. దయచేసి వద్దు. శాలువా, రగ్గు, స్కార్ఫు, ఏ కొసైనా చెయిన్లోకో చక్రంలోకో పోతే అంతే. రగ్గు బ్యాగులో ఉండాలి, బండి ఆగాక తియ్యాలి.

వెనకసీటు
అసలు ప్రశ్నకి వస్తున్నాను. తోలేవాడి వీపు అడ్డుంటుంది కాబట్టి వెనకవాడికి చలి ఉండదనుకుంటారు. ఛాతీ వరకే అది నిజం. మోకాళ్ళు పక్కలకి బయటే ఉంటాయి, సీటు ఎత్తుగా ఉండడంతో మొహానికి గాలి నేరుగా కొడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వాడికి పని లేదు. తోలేవాడు క్లచ్చు, బ్రేకు, మలుపులు అంటూ ఒళ్ళు కదిలిస్తూ ఉంటాడు, మెలకువగా ఉంటాడు. వెనకవాడు కదలకుండా కూర్చుని చల్లారిపోతాడు, ఆ తర్వాత నిద్రలోకి జారతాడు. సన్నగా ఉన్న మనిషి ఇంకా తొందరగా చల్లారతాడు.

అందుకని బయల్దేరకముందే సంకేతాలు అనుకోండి. భుజం మీద ఒక తట్టు: బాగున్నాను. రెండు తట్లు: వచ్చే వెలుగున్న చోట ఆపు. మూడు: ఇప్పుడే ఆపు. తోలేవాడు పది నిమిషాలకోసారి మోకాలు తట్టి జవాబు తీసుకోవాలి. జవాబు రాకపోతే నిద్రపోయినట్టే. ఆపాలి, ఇక ఆలోచించకూడదు. వెనక హెల్మెట్టు వచ్చి ముందు హెల్మెట్టుకి టక్కుమని తగిలినా ఆపాలి.

హైవే మీద ముప్పావు గంటకోసారి, తుని దాటాక అరగంటకోసారి ఐదు నిమిషాలు ఆగండి. ఆగినప్పుడు కూర్చోవద్దు. ఇరవై గుంజీళ్ళు, చేతులు గుండ్రంగా తిప్పడం, అంతే. చెమట పట్టేదాకా మాత్రం చెయ్యకండి.

కూర్చున్నప్పుడు కూడా కాలివేళ్ళు షూలోపల ముడుస్తూ విప్పుతూ ఉండమనండి. మోకాళ్ళతో తోలేవాడి నడుము పక్కల దగ్గరగా నొక్కి పట్టుకుంటే ఇద్దరి మధ్య గాలి దూరదు. చేతులు జేబుల్లో పెట్టుకుని ఘాట్ ఎక్కడం ప్రమాదం. గుంతలో బండి ఎగిరితే పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. గ్లవ్స్ వేసుకుని నడుము పట్టుకోవాలి.

ఆగడం, ఆగకపోవడం ఎవరు చెప్పాలి? చలి ఎక్కువగా ఉన్నవాడే చెప్పాలి, రెండోవాడు వాదించకూడదు. "ఇంకో పది కిలోమీటర్లేగా" అనే మాట ఈ ప్రయాణంలో ఎవరూ అనకూడదు. మొహమాటంతో "బానే ఉన్నా" అనే స్నేహితుడి మాట నమ్మకండి, గ్లవ్ విప్పి వేళ్ళు చూడండి.

ధవళేశ్వరం_గట్టు
చాలా థాంక్సండి. రాత్రంతా ప్రయాణం అనే ఆలోచన మానేశాం, లాడ్జి చూస్తున్నాం. మూడు సందేహాలు. హెల్మెట్టు కింద మంకీ క్యాప్ పెట్టుకోవచ్చా? ఛాతీకి న్యూస్‌పేపర్లు పెట్టుకోమని ఒకరు చెప్పారు, పని చేస్తుందా? చలికి కాస్త బ్రాందీ మంచిదంటారు, నిజమేనా?

రాత్రిడ్యూటీ
ఆసుపత్రిలో పనిచేసే మనిషిగా మూడోదానికి ముందు జవాబు. వద్దు, తోలేవాడికే కాదు, వెనకవాడికి కూడా వద్దు. మద్యం చర్మం కింద రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. మొహం వెచ్చబడ్డట్టుంటుంది, కానీ ఆ వెచ్చదనం ఒంట్లోంచి బయటికి పోతున్న వేడి. ఒళ్ళు చల్లబడుతున్న సంగతి తెలియకుండా చేస్తుంది, వణుకు కూడా తగ్గిస్తుంది. సిగరెట్టు సరిగ్గా దీనికి ఎదురు పనిచేస్తుంది. వేళ్ళకి వెళ్ళే నాళాలను బిగిస్తుంది.

జలుబుకని సెట్రిజినో, క్లోర్‌ఫెనిరమైన్ కలిసిన బిళ్ళో వేసుకుని బండెక్కకండి. నిద్ర ముంచుకొస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఇన్‌హేలరు లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. డబ్బా చల్లబడితే మందు సరిగ్గా రాదు.

ఇప్పుడు అసలు తెలుసుకోవాల్సింది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే అది మామూలు చలి కాదు. గుర్తుపట్టడానికి థర్మామీటరు అక్కర్లేదు. మూడు చూడండి: మాట ముద్దగా వస్తుందా, వేళ్ళతో జిప్పు పెట్టుకోలేకపోతున్నాడా, నడకలో తూలుతున్నాడా. వందలోంచి ఏడు చొప్పున తగ్గిస్తూ లెక్కపెట్టమనండి, తడబడితే చాలు. వణుకుతున్నంతసేపు ఒళ్ళు పోరాడుతోందని అర్థం. వణుకు ఆగి, మనిషి మందకొడిగా, "నాకేం చలి లేదు" అంటుంటే అది బాగుపడడం కాదు, ముదరడం. 108కి ఫోను చెయ్యండి.

అంబులెన్సు వచ్చేలోపు: గాలి తగలని చోటికి చేర్చండి. తడిబట్టలు తీసి పొడివి వేసి రగ్గు చుట్టండి, తలతో సహా. కింద కూడా ఏదైనా పరవండి. వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి చంకల్లో, ఛాతీ మీద పెట్టండి. పూర్తి తెలివితో మింగగలిగితేనే తియ్యటి వేడి టీ. చేతులు కాళ్ళు రుద్దకండి, మంట దగ్గర నేరుగా కూర్చోబెట్టకండి. చేతుల్లోని చల్లటి రక్తం ఒక్కసారిగా గుండె వైపు పోవడం మంచిది కాదు.

తోలేవాళ్ళకి ఇంకోటి. వేళ్ళు మొద్దుబారాయని ఇంజను మీదో సైలెన్సరు మీదో పెట్టకండి. స్పర్శ లేని వేలికి కాలుతున్నట్టు తెలియదు. గ్లవ్స్ విప్పి చంకల్లో పెట్టుకోండి, ఐదు నిమిషాలు చాలు.

తునిబండి
మంకీ క్యాప్ సంగతి: మందపాటి ఉన్నిది హెల్మెట్టు కింద పెడితే హెల్మెట్టు అరంగుళం పైకి లేస్తుంది, బకిలు గడ్డం కింద సరిగ్గా కూర్చోదు. బండి పడితే ఊడిపోతుంది. హెల్మెట్టు కిందికి పల్చటి బలాక్లావా, అంటే తల, మొహం, మెడ కప్పే బిగుతు తొడుగు. మంకీ క్యాప్ బ్యాగులో పెట్టుకుని పైన హెల్మెట్టు తీశాక పెట్టుకోండి.

న్యూస్‌పేపరు పని చేస్తుంది. జాకెట్టుకీ స్వెట్టరుకీ మధ్య, మెడ కింది నుంచి పొట్ట దాకా, నాలుగైదు షీట్లు మడతపెట్టకుండా పరిచి జిప్పు వెయ్యండి. గాలిని ఆపుతుంది, పొరల మధ్య గాలిని పట్టి ఉంచుతుంది. మోకాళ్ళ మీద కూడా ప్యాంట్ల మధ్య పెట్టుకోవచ్చు.

రెంచి_పదమూడు
పేపరు మీద నాది వేరే అభిప్రాయం. వానకోటు లేనివాళ్ళకి సరే. వానకోటు వేసుకున్నాక పేపరుతో కలిగే లాభం తక్కువ, పైగా లోపలి చెమ్మకి రెండు గంటల్లో తడిసి ముద్దయి ఒంటికి అంటుకుంటుంది. పెట్టుకుంటే తునిలో, నర్సీపట్నంలో పొడివి మార్చాలి.

తునిబండి
మార్చాలన్నది ఒప్పుకుంటాను. అందుకే నాలుగు రోజుల పేపర్లు బ్యాగులో పడేసుకోమంటాను. పైన కూర్చోవడానికి కూడా అవే పనికొస్తాయి.

పల్లీపట్టి
తిండి: బయల్దేరేముందు కడుపునిండా అన్నం వద్దు, నిద్ర. రెండు చపాతీలు, గుడ్డు చాలు. దారిలో గంటకోసారి పల్లీపట్టి ఒకటి, లేదా అరటిపండు. వణకడానికి కూడా ఒంటికి ఇంధనం కావాలి. స్టీలు ఫ్లాస్కులో లీటరు వేడినీళ్ళు తప్పనిసరి. ముందు ఫ్లాస్కులో మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలుంచి పారబోసి, మళ్ళీ నింపితే తెల్లారేదాకా వేడి నిలుస్తుంది. చలిలో మూత్రం ఎక్కువ వస్తుందని నీళ్ళు మానెయ్యకండి.

రెంచి_పదమూడు
ఘాట్ మీద పొగమంచు గురించి. లైటు డిమ్ములోనే ఉండాలి. హై బీమ్ వేస్తే వెలుగు నీటిబిందువుల మీద పడి మీ కళ్ళలోకే తిరిగొస్తుంది. ఎడమ అంచు తెల్లగీత పట్టుకుని పోండి. ముందు బండి వెనక లైటుని పట్టుకుని పోతే వాడు లోయలోకి పోతే మీరూ పోతారు.

వేగం ఎంత? 30లో పోతుంటే, చూసి బ్రేకు వేసి ఆగడానికి పొడి రోడ్డు మీద 20 మీటర్లు కావాలి. 40లో 30 మీటర్లు. వేళ్ళు కొంకర్లు పోయి ఒక్క సెకను ఆలస్యమైతే దానికి ఇంకో ఎనిమిది నుంచి పదకొండు మీటర్లు కలపండి. కనిపించే దూరం పాతిక మీటర్లే అయితే 20 దాటకండి. మంచుకి తడిసిన రోడ్డు మీద రాలిన ఆకులు ఉంటాయి, మలుపులో వాటిమీద ముందు బ్రేకు గట్టిగా పట్టకండి.

వైజరు లోపల ఆవిరి పట్టడం పెద్ద బెడద. ఒక్క చుక్క గిన్నెల సబ్బు ద్రవం లోపలివైపు రాసి, నీళ్ళు పెట్టకుండా పొడిగుడ్డతో మరక కనపడనంత వరకు తుడవండి. లోపల యాంటీఫాగ్ పూత ఉన్న వైజరుకి ఇది చెయ్యకండి, పూత పోతుంది. బలాక్లావాని ముక్కు మీదికి లాగితే శ్వాస పైకి పోయి వైజరుకే పడుతుంది. ముక్కు కిందికి ఉంచండి. అయినా పడితే వైజరుని ఒక గాటు తెరవండి. నల్ల వైజరు ఇంటి దగ్గరే వదిలెయ్యండి.

వెనకవాడి బ్యాగుకి రిఫ్లెక్టరు టేపు అడ్డంగా రెండు చారలు అంటించండి. వెనకొచ్చే జీపుకి మీరు కనపడాలి.

ఏజెన్సీ_పొద్దు
పైకి చేరాక. ముందు చెయ్యాల్సింది ఫొటోలు కాదు, టీ కూడా కాదు. చెమ్మగా ఉన్న లోపలి టీషర్టు, సాక్సులు మార్చడం. రెండు నిమిషాలు గజగజలాడతారు, తర్వాత గంట హాయిగా ఉంటుంది.

బండరాయి మీద నేరుగా కూర్చోకండి. రాయి ఒంట్లో వేడిని గాలి కంటే వేగంగా లాగేస్తుంది. అట్టపెట్టె విప్పి పరచండి, దానిమీద పేపర్లు. ఇద్దరూ వీపుకి వీపు ఆనించి, ఒకటే రగ్గు ఇద్దరి చుట్టూ చుట్టుకోండి. వేరువేరుగా రెండు రగ్గులు కప్పుకున్నదానికంటే ఇది వెచ్చగా ఉంటుంది. చెరువులవేనం దగ్గర మబ్బులు కింద లోయలో పాలసముద్రంలా నిలబడేది గాలి లేని రోజునే, కాబట్టి ఆ పూట చలి కూడా నిలకడగా ఉంటుంది.

టెంటు అద్దెకి తీసుకుంటే ఒక్క విషయం ప్రాణం మీద ఒట్టేసి చెప్తున్నాను. లోపల కుంపటి పెట్టుకోకండి. బొగ్గులు కణకణలాడుతూ పొగ లేకుండా ఉన్నా కార్బన్ మోనాక్సైడు వస్తూనే ఉంటుంది. వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇద్దరూ ఒకే గాలి పీలుస్తారు కాబట్టి లేపడానికి రెండోవాడు కూడా మిగలడు. గదైనా, టెంటైనా, అద్దాలు ఎత్తిన కారులో ఇంజను ఆన్ చేసి పడుకోవడమైనా ఒకటే. చలి కాచుకోవాలంటే ఆరుబయట, ఊళ్ళో ఇప్పటికే వేసిన నెగడు దగ్గర కూర్చోండి. అడవిలో మీరుగా మంట వెయ్యకండి.

వెనకసీటు
ఇదంతా చదివి వెనకాడే స్నేహితుడైతే బస్సుని చిన్నచూపు చూడకండి. నర్సీపట్నం దాకా బస్సు, అక్కడినుంచి తెల్లారగట్ల జీపో ఆటోనో. బస్సులో తలుపు పక్క సీటు, ఆఖరి వరస వద్దు. మధ్యలో కూర్చుని, షట్టరు సందుల్లో పేపరు దోపి, కాళ్ళ కింద బ్యాగు పెట్టుకోండి. ఇనుప నేలే సగం చలి.

ధవళేశ్వరం_గట్టు
బండే ఖాయం. ఏడున్నరకి బయల్దేరి నర్సీపట్నంలో పడుకుంటాం. ఆఖరి ప్రశ్న: మంచుకి గ్లవ్స్ తడిసిపోతే? ఉన్నివే ఉన్నాయి.

తునిబండి
మందుల షాపులో దొరికే పల్చటి నైట్రైల్ గ్లవ్స్ లోపల వేసుకుని, మీద ఉన్నివి. ఉన్ని తడిసినా వేళ్ళకి తడి అంటదు. నాలుగు జతలు కొనండి, ఆగినప్పుడల్లా లోపలివి మార్చండి, చెమట పడుతుంది కాబట్టి. తడిసిన ఉన్నివాటిని బ్యాగు మీద ఆరెయ్యకండి, ఇంకా తడుస్తాయి. గట్టిగా పిండి వానకోటు లోపల, పొట్ట మీద పెట్టుకోండి.

వచ్చేటప్పుడు తొందరపడకండి. పొద్దెక్కి పొగమంచు విడిచాక, తొమ్మిదిన్నర దాటాకే ఘాట్ దిగండి. రెండో గేర్లో, ఇంజనుతో బండిని పట్టుకుంటూ. కింద డౌనూరులో ఆగి వానకోట్లు, స్వెట్టర్లు విప్పెయ్యండి. వెచ్చటి గాలి తగలగానే వెనకవాడికి కళ్ళు మూతలు పడతాయి, తట్టే సంకేతం రాజమండ్రి దాకా ఆపకండి.